కోపం కలపని లెక్క

మధురానగర్ మెట్రో స్టేషన్‌కి నడిచి వెళ్లేంత దూరంలో, మూడో అంతస్తులో ఒక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్. అద్దె రూ. 21,000. అందులో ముగ్గురు కుర్రాళ్లు. ఒకడిది ఒంగోలు, ఇంకొకడిది జగిత్యాల, మూడోవాడిది పలాస. అమీర్‌పేటలో కోర్సులు నేర్చుకునే రోజుల్లో ఒకే హాస్టల్లో పరిచయమయ్యారు. అక్కడ ఎవరినీ పేరుతో పిలిచే అలవాటు లేదు, ఊరే పేరు. ఈ కథలో కూడా వాళ్లని అలాగే పిలుచుకుందాం.

ఉద్యోగాలు రాగానే జనవరిలో ఈ ఫ్లాట్ తీసుకున్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్ మీద ముగ్గురూ సంతకాలు పెట్టారు. ఖాళీ చేయాలంటే నెల ముందు చెప్పాలని అందులో ఉంది. అడ్వాన్స్ రెండు నెలలది, రూ. 42,000. తలా పద్నాలుగు వేలు. పలాస దగ్గర ఆ రోజుకి ఎనిమిది వేలే ఉన్నాయి. తక్కువ పడ్డ ఆరు వేలు ఒంగోలు వేశాడు.

"జీతం రాగానే ఇచ్చేస్తాను మావా" అన్నాడు పలాస.

"నీకూ నాకూ లెక్కలేంట్రా" అన్నాడు ఒంగోలు. మనస్ఫూర్తిగానే అన్నాడు.

ఏ నెల అద్దె ఆ నెల అయిదో తారీకులోపు ఒంగోలు ఫోన్ నుంచి ఓనర్‌కి వెళ్లిపోయేది. మిగతా ఇద్దరూ తమ వంతు ఏడేసి వేలు అతనికి పంపేవారు. కరెంటు బిల్లు జగిత్యాల కట్టేవాడు. మెయింటెనెన్స్ రూ. 1,500, వంటామెకి నెలకి ఆరు వేలు. పాత సామాన్ల కొట్లో రూ. 4,500 పెట్టి ఒక ఫ్రిజ్ కూడా కొన్నారు, తలా పదిహేను వందలు వేసుకుని. ఫిబ్రవరిలో పలాసకి జ్వరం వస్తే రాత్రి పూట ఆటోలో తీసుకెళ్లి, రక్త పరీక్షలు చేయించి, రెండు రోజులు సెలవు పెట్టి చూసుకున్నది ఒంగోలే.

ఏప్రిల్లో పలాస ఉద్యోగం పోయింది. ఆ సంగతి రూమ్‌లో చెప్పలేదు. రోజూ తొమ్మిదింటికి బ్యాగు తగిలించుకుని వెళ్లేవాడు, సాయంత్రం వచ్చేవాడు. ఏప్రిల్ కరెంటు బిల్లులో తన వంతు ఇవ్వలేదు. మే అయిదున "జీతం లేటు మావా, ఈసారికి నువ్వు వేసెయ్" అన్నాడు. ఒంగోలు వేశాడు.

మే 18 రాత్రి ఇద్దరూ డ్యూటీ నుంచి వచ్చేసరికి పలాస అల్మరా ఖాళీగా ఉంది. బట్టలు లేవు, ఛార్జర్ లేదు. ఫోన్ చేస్తే స్విచాఫ్. వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్‌కి ఒకటే టిక్కు పడింది, రెండోది పడలేదు. విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుతుంటే సికింద్రాబాద్ స్టేషన్‌లో చూశానని పాత హాస్టల్ స్నేహితుడొకడు చెప్పాడు.

ఓనర్‌కి చెప్పారు. "అగ్రిమెంట్‌లో మీ ముగ్గురి సంతకాలున్నాయి. ఎవరు ఉన్నారో, ఎవరు వెళ్లారో మీరు చూసుకోండి. నాకు ఇరవై ఒక్క వేలు రావాలి" అన్నాడాయన. ఆయన అడిగింది న్యాయమే.

ఆ రాత్రి ఒంగోలుకి నిద్ర పట్టలేదు. కాగితం తీసుకుని చిట్టా రాశాడు. మే అద్దె ఏడు వేలు. అడ్వాన్స్‌లో తను వేసిన ఆరు వేలు. కరెంటుకి రెండు వేలు. నవంబరు దాకా అగ్రిమెంట్ ఉంది కాబట్టి ఆరు నెలల అద్దె నలభై రెండు వేలు. వంటామె జీతంలో ఆరు నెలల వంతు పన్నెండు వేలు. ఫిబ్రవరి జ్వరానికి ఆటోలు, పరీక్షలు, మందులు కలిపి పద్నాలుగు వందలు. చివర్న 'మోసం చేసినందుకు' అని రాసి పది వేలు. మొత్తం రూ. 80,400.

పలాస మంచం కింద ఒక రేకు పెట్టె మిగిలిపోయింది. తెరిచి చూస్తే పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, బీటెక్ ఒరిజినల్ డిగ్రీ, కుల ధ్రువీకరణ పత్రం, అన్నీ ప్లాస్టిక్ కవర్లలో. కంగారులో మర్చిపోయినట్టున్నాడు.

"ఇవి మన దగ్గరుంటే చాలు, వాడే పరిగెత్తుకుంటూ వస్తాడు" అన్నాడు ఒంగోలు. పెట్టె ఫొటో తీశాడు. పాత హాస్టల్ గ్రూపులో పెట్టడానికి 'వీడు దొంగ, ఎవరూ రూమ్ ఇవ్వొద్దు' అని టైప్ చేశాడు. అగ్రిమెంట్‌కి జతచేసిన ఆధార్ కాపీలో పలాస ఇంటి అడ్రసు ఉంది. వాళ్ల నాన్నకి కూడా ఓ ఉత్తరం రాస్తానన్నాడు.

"జర ఆగు అన్నా. పొద్దుగాల కింది ఆంటీని ఒక మాట అడుగుదాం. అప్పటిదాంక ఏం పంపకు" అన్నాడు జగిత్యాల.

కింది ఆంటీ అంటే గ్రౌండ్ ఫ్లోర్‌లో ఉండే పెద్దావిడ. సివిల్ కోర్టులో గుమాస్తాగా చేరి సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. డబ్బు దావాల ఫైళ్లు ఆవిడ చేతుల మీదుగా ఎన్ని వెళ్లాయో లెక్కలేదు. పొద్దున్నే వెళ్లేసరికి వరండాలో కుర్చీ వేసుకుని ఉన్నారు. చిట్టా తీసుకుని, కళ్లజోడు సర్దుకుని, పెన్సిల్ తెమ్మన్నారు.

ఒక్కో పద్దు దగ్గరా ఆగి ఒకటే అడిగారు. "ఇది ఇస్తానని అతను ఒప్పుకున్నాడా? ఒప్పుకోకపోతే, వాడుకున్నాడా?"

మే అద్దె దగ్గర టిక్కు పెట్టారు. ఏప్రిల్ కరెంటు దగ్గర టిక్కు. మే కరెంటు దగ్గర పెన్సిల్ ఆపారు. "పద్దెనిమిదో తారీకున వెళ్లాడన్నారు. నెలంతా ఎలా వేస్తారు? బిల్లు రానివ్వండి, ఉన్న రోజులకి వేద్దాం."

ఆరు నెలల అద్దె చూసి తల ఎత్తారు. "ఆ మంచం ఆరు నెలలూ ఖాళీగా ఉంచుతారా నాన్నా?"

"ఎవరైనా దొరికితే చేర్చుకుంటాం ఆంటీ."

"చేర్చుకోవాలి. వెతకాలి కూడా. కొత్తవాడి దగ్గర అద్దె తీసుకుని, అదే నెలకి ఇతని దగ్గరా తీసుకుంటే ఒక మంచానికి రెండు అద్దెలవుతాయి. నోటీసు నెల రోజులది. ఆ నెల్లో కొత్తవాడు వచ్చేదాకా ఎన్ని రోజులు ఖాళీగా ఉంటే అన్ని రోజులకే అడగండి."

జ్వరం పద్దు దగ్గరికి వచ్చారు. "ఇది ఆ రోజు అప్పుగా ఇచ్చావా?"

ఒంగోలు కాసేపు మాట్లాడలేదు. "లేదండీ. జ్వరంతో ఉన్నాడని..."

"అయితే ఇవాళ దాన్ని అప్పు చెయ్యకు."

ఆ గీత కొట్టేశారు. 'మోసం చేసినందుకు' అన్న పది వేల మీద కూడా పెన్సిల్ అడ్డంగా నడిచింది. ఆపైన పెట్టె సంగతి వచ్చింది.

"సర్టిఫికెట్లు ఇవాళే స్పీడ్ పోస్ట్‌లో పంపించెయ్యండి. డబ్బుకీ వీటికీ లంకె పెట్టొద్దు" అన్నారు.

ఒంగోలు ఒప్పుకోలేదు. "మన చేతిలో ఉన్నది అదొక్కటే ఆంటీ. అదీ పంపేస్తే వాడెందుకిస్తాడు?"

"అది అతని పదహారేళ్ల చదువు. బాకీకి తాకట్టుగా అతను మీకివ్వలేదు, మర్చిపోయి వెళ్లాడు. మర్చిపోయిన వస్తువుని పట్టుకుని బేరమాడితే రేపు ఎక్కడికెళ్లినా తప్పు మీదే అంటారు. ఇంకొకటి చెప్తాను. ఆ కాగితాల్లేకుండా ఇంటర్వ్యూకి వెళ్లలేడు. ఉద్యోగం లేనివాడు మీ బాకీ దేంతో తీరుస్తాడు?"

ఆ మాట మాత్రం ఒంగోలుకి పట్టింది. సాయంత్రం ఇద్దరూ పోస్టాఫీసుకి వెళ్లారు. ఒక్కో సర్టిఫికెట్ ఫొటో తీసి, ఏమేం పంపుతున్నామో ఒక కాగితం మీద రాసి లోపల పెట్టి, రసీదు దాచుకున్నారు. గ్రూపులో పెట్టబోయిన మెసేజ్ ఒంగోలు చెరిపేశాడు.

జూన్ 16న నంద్యాల నుంచి ఒక కుర్రాడు చేరాడు. అడ్వాన్స్‌గా పద్నాలుగు వేలు తెచ్చాడు. అందులో ఆరు వేలు ఒంగోలువి, వెనక్కి తీసుకున్నాడు. మిగిలిన ఎనిమిది వేలు పలాసవి. "వాడి దగ్గర మనకి రావాల్సినవి ఉన్నాయిగా, ఇవి మనం ఉంచేసుకుందాం" అన్నాడు ఒంగోలు. "ఉంచుకోండి, కానీ అతని పేరు మీద జమ రాసి ఉంచుకోండి" అన్నారు ఆంటీ.

జూన్ చివర్లో కొత్త చిట్టా తయారైంది. మే అద్దె రూ. 7,000. మే మెయింటెనెన్స్ 500. ఏప్రిల్ కరెంటు బిల్లు 2,700లో మూడో వంతు 900. మే బిల్లు రూ. 3,200 వచ్చింది. ఇద్దరు ముప్ఫై ఒక్కేసి రోజులు, పలాస పద్దెనిమిది రోజులు, మొత్తం ఎనభై రోజులు. రోజుకి నలభై చొప్పున పలాస వంతు 720. వంటామెకి నెల జీతం మాట్లాడుకున్నారు కాబట్టి మేకి 2,000. జూన్‌లో మంచం ఖాళీగా ఉన్న పదిహేను రోజులకి అద్దె 3,500, మెయింటెనెన్స్ 250. అన్నీ కలిపి రూ. 14,870. ఇందులోంచి అడ్వాన్స్‌గా అతనిచ్చిన 8,000 తీసేశారు. ఫ్రిజ్ ఇక్కడే ఉండిపోయింది కాబట్టి అతను వేసిన పదిహేను వందల్లో వెయ్యి తీసేశారు. ఇక రావాల్సింది రూ. 5,870.

ఎనభై వేల నాలుగు వందలు ఎక్కడ, అయిదు వేల ఎనిమిది వందల డెబ్భై ఎక్కడ! ఒంగోలు ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు.

ఈలోగా పలాస నుంచి కబురొచ్చింది. సర్టిఫికెట్లు ఇంటికి చేరిన మర్నాటి రాత్రి జగిత్యాలకి ఫోన్ చేశాడు. ఉద్యోగం పోయిన సంగతి అప్పుడు చెప్పాడు. మొహం చూపించలేక వెళ్లిపోయానన్నాడు.

"ఉద్యోగం పోయిందని చెప్తే నిన్ను ఎవడన్నా తిడతడా?" అన్నాడు జగిత్యాల. "చెప్పకుండ పోయినవ్. గా రాత్రి మేమెట్ల పడుకున్నమో నీకు ఎరికేనా?"

అవతల మాట లేదు. జూన్ ఆఖర్న లెక్క పంపించారు, పద్దు పద్దుకీ బిల్లు ఫొటోతో సహా. కింద రెండు వాక్యాలు మాత్రం రాశారు. 'ఇందులో తప్పుంటే చెప్పు. ఒకేసారి ఇవ్వలేకపోతే నెలకెంత ఇవ్వగలవో నువ్వే రాయి.' పలాస రెండు రోజులకి జవాబిచ్చాడు. లెక్క సరిగానే ఉందనీ, ఉద్యోగం రాగానే నెలకి రెండు వేల చొప్పున ఇస్తాననీ తెల్ల కాగితం మీద రాసి, సంతకం చేసి, ఫొటో పంపాడు. అసలు కాగితం కూడా పోస్టులో పంపమన్నారు, పంపాడు.

ఆగస్టులో రెండు వేలు వచ్చాయి. సెప్టెంబరులో రెండు వేలు. అక్టోబరులో పదిహేను వందలు. మిగిలిన రూ. 370 రాలేదు. ఒంగోలు ఒకసారి గుర్తు చేశాడు, మళ్లీ అడగలేదు. ఆంటీ చెప్పినట్టే ఇద్దరూ చెరో నూట ఎనభై అయిదు భరించారు. పలాసతో పాత స్నేహం మళ్లీ అతకలేదు. ఎక్కడైనా ఎదురుపడితే పలకరించుకునేంత మిగిలింది.

నీతి: బాకీని, కోపాన్ని ఒకే చిట్టాలో రాయకూడదు. రాస్తే బాకీ రాదు, కోపం పోదు.

ఈ నీతిని కొంచెం విప్పి చెప్పాలి, ఎందుకంటే రూమ్మేటు చెప్పాపెట్టకుండా వెళ్లిపోయినప్పుడు మన పెద్దలు చెప్పే మాటలు రెండే రెండు. 'పోనీలే, పీడా పోయింది' అంటారు. లేకపోతే 'పోలీస్ కంప్లయింట్ ఇవ్వు' అంటారు. రెండూ సరైనవి కావని నా అభిప్రాయం. పోనీలే అనడానికి ఒక ల్యాబ్ టెక్నీషియన్‌కో, కొత్తగా చేరిన టెస్టింగ్ ఉద్యోగికో అయిదారు వేలు చిన్న సొమ్ము కాదు. ఇంటికి పంపే డబ్బులోంచి కోత పడుతుంది. అడగడం చిన్నతనమూ కాదు. ఇక పోలీసుల మాట. అద్దె బాకీ సివిల్ తగాదా. ఇచ్చిన మాట తప్పినంత మాత్రాన అది మోసం నేరం అయిపోదు. భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అనాలంటే మొదటి రోజు నుంచే ఎగ్గొట్టే ఉద్దేశం ఉందని చూపించాలి. ఉద్యోగం పోయి, సిగ్గుపడి, రైలెక్కినవాడి విషయంలో అది నిలబడదు.

ఒంగోలు, జగిత్యాలల పక్షాన ఉన్న చట్టం వేరే ఉంది. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 43వ సెక్షన్ ఇలాంటి ఉమ్మడి సంతకాల గురించే మాట్లాడుతుంది. కొందరు కలిసి ఒక మాట ఇచ్చినప్పుడు, వేరే ఒప్పందం లేకపోతే, అవతలివాడు అందులో ఎవరినైనా పట్టుకుని మొత్తం అడగొచ్చు. అందుకే ఓనర్ అడిగింది న్యాయమే అన్నాను. అలా కట్టినవాడు మిగతావాళ్ల దగ్గర సమాన వంతులు వసూలు చేసుకోవచ్చని కూడా అదే సెక్షన్ చెబుతుంది. ఒకడు ఇవ్వలేకపోతే ఆ నష్టాన్ని మిగిలినవాళ్లు సమానంగా మోయాలని కూడా అందులోనే ఉంది. ఆంటీ ఆ మూడు వందల డెబ్భైని చెరిసగం చేసుకోమన్నది ఊరికే కాదు. కొత్తవాణ్ణి వెతకండి అన్నదీ ఊరికే కాదు. నష్టం తగ్గించుకునే దారి చేతిలో ఉన్నప్పుడు దాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలని 73వ సెక్షన్ వివరణలో ఉంది.

అవతలివాడు లెక్క ఒప్పుకోకపోతే ముందు రాతపూర్వకంగా ఒక నోటీసు, గడువు పెట్టి. ఆ తర్వాత కోర్టుకి వెళ్లకముందే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో అర్జీ పెట్టొచ్చు. వాళ్లు ఇద్దరినీ పిలిచి కూర్చోబెడతారు. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే ఆ అవార్డుకి సివిల్ కోర్టు డిక్రీకి ఉన్న బలం ఉంటుంది, కోర్టు ఫీజు ఉండదు. ఎవరిని అడగాలో తెలియకపోతే 15100కి ఫోన్ చేస్తే చెబుతారు. అతని బదులు మీరు కట్టిన సొమ్ముకి దావా వేయడానికి గడువు కట్టిన రోజు నుంచి మూడేళ్లు. ఆ గడువులోపల అతను బాకీ ఒప్పుకుంటూ రాసి సంతకం పెడితే, ఆ రోజు నుంచి మళ్లీ మూడేళ్లు లెక్క మొదలవుతుంది. పలాస సంతకం చేసిన అసలు కాగితాన్ని పోస్టులో తెప్పించుకున్నది అందుకే. ఫోన్లో ఉన్న మెసేజ్‌లు, యూపీఐ చెల్లింపులు కూడా సాక్ష్యమే. కోర్టులో పెట్టేటప్పుడు వాటికి ధ్రువీకరణ పత్రం జతచేయాలి.

చట్టం ఇంత అండగా ఉన్నా, తప్పుడు లెక్కతో వెళితే మాత్రం అది పనికిరాదు. ఎనభై వేల చిట్టా చూసినవాడు అందులోని నిజమైన ఏడు వేల అద్దెని కూడా నమ్మడు. జ్వరం నాటి ఆటో ఖర్చు చూడగానే అవతలివాడికి సిగ్గు పోయి పౌరుషం వస్తుంది. కోపంతో కలిపిన ప్రతి రూపాయీ బాకీదారుకి ఒక సాకు అవుతుంది. గ్రూపులో దొంగ అని పెడితే, అప్పటిదాకా తప్పు చేసిన మనిషి ఆ పూట నుంచి అవమానపడ్డ మనిషి అవుతాడు. లెక్క అడగాల్సినవాళ్లు సంజాయిషీ ఇచ్చుకునే స్థితికి వస్తారు. కోపం అక్కర్లేదని నేననను. జగిత్యాల ఫోన్లో ఆ కోపాన్ని మొహం మీదే చెప్పాడు. చెప్పాల్సిన చోటు అదే. అంకెల్లోకి మాత్రం రానివ్వలేదు.

ఈ కథలో తప్పు మే 18న మొదలైందని నేననుకోను. 'నీకూ నాకూ లెక్కలేంట్రా' అన్న రోజునే మొదలైంది. మనలో మొహమాటం ఎక్కువ. అడగడానికి ఇతనికి మొహమాటం, లేదని చెప్పడానికి అతనికి మొహమాటం. లెక్క రాసుకునే రూమ్‌లో బాకీ ఉన్నవాడు రోజూ స్నేహితుడి మొహం చూసి కుంగిపోనక్కర్లేదు, ఎంత ఇవ్వాలో తెలుసు కాబట్టి. చేరిన రోజే ఎవరు ఎంత అడ్వాన్స్ ఇచ్చారో ఒక కాగితం మీద రాసి ముగ్గురూ సంతకం చేయాలి. డబ్బు పంపేటప్పుడు 'మే అద్దె, నా వంతు' అని నోట్‌లో రాయాలి. ఎవరైనా వెళ్తుంటే కరెంటు మీటరు ఫొటో తీసి పెట్టుకోవాలి. ఇవి చేయడానికి నమ్మకం తక్కువ కానక్కర్లేదు.

వెళ్లాల్సిన అవసరం వచ్చినవాడికి కూడా ఒక మాట. చేతిలో డబ్బు లేకపోవడం ఎవరికైనా వస్తుంది, అందులో సిగ్గుపడాల్సింది లేదు. చెప్పడానికి డబ్బు అక్కర్లేదు. పలాస మే ఒకటినే 'నాకు ఉద్యోగం పోయింది, ఈ నెల్లోనే ఊరెళ్లిపోతున్నాను, ఎవరినైనా చూసుకోండి' అని ఉంటే నంద్యాల కుర్రాడో, ఇంకొకడో జూన్ ఒకటికే చేరి ఉండేవాడు. ఖాళీ మంచానికి పడ్డ రూ. 3,750 చిట్టాలోకి వచ్చేదే కాదు. మిగిలే బాకీ రూ. 2,120. అది అతను ఒప్పుకున్న వాయిదా ప్రకారం ఒక నెల సొమ్ము కంటే కాస్త ఎక్కువ.